జీపు నీళ్ళు

కాలవలో నీళ్ళు రాలేదని లంకపాడు నుంచి నాంచారమ్మ ఫోను చెయ్యడం ఆ వారంలో అది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ వీరవేణి "కనుక్కుంటాను వదినా" అని పెట్టేసింది. నాలుగోసారి కుక్కరు మూత తీస్తూ, ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, మొత్తం వినక తప్పలేదు.

"నారుమడి నెర్రెలిచ్చింది వేణీ. వేలు పెడితే వేలు దూరుతోంది. మీరు చేసిన ఆ ధారమ్మకి రోజుకో ఫిర్యాదు పెడుతున్నా. ఆవిడేమో 'లంకపాడు గేజీ వద్ద అడుగు ముప్పావు నీరు ఉన్నది, మీ సహకారానికి ధన్యవాదాలు' అని మెసేజీ పంపుద్ది. ఆ మెసేజీ తీసుకెళ్ళి మడికి పెట్టుకోమంటావా?"

"సెన్సారుకి గుర్రపుడెక్క పట్టి ఉంటుంది వదినా. చెబుతాలే."

"చెప్పమ్మా చెప్పు. మీరు మీరు మాట్లాడుకోండి. మేం ఆకాశంకేసి చూస్తాం."

హాల్లో వీరవేణి తండ్రి పోతురాజు టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన చూసేది సీరియల్ కాదు, డెల్టా కాలవల పటం. ఏ లాకు దగ్గర ఎంత నీరుందో ధార ఆ పటం మీద నిమిషనిమిషానికీ చూపిస్తుంది. పొద్దున్నే లేచి లంకపాడు అంకె చూసుకుంటే గానీ ఆయనకు కాఫీ దిగదు. ఆ లాకు మీద ముప్పై ఎనిమిదేళ్ళు లస్కరుగా పనిచేసి, షట్టర్లు ఎత్తి దించి, నీటిమట్టం చూపే గేజీ రాయి చూసి రిజిస్టరు రాసిన మనిషి.

"నాంచారేనా? అడుగు ముప్పావు ఉందిగా, ఇదిగో," అన్నాడు టీవీ చూపిస్తూ. "దానికెప్పుడూ అంతే. చెంబుడు తగ్గితే చెరువెండిపోయిందంటది."

ధార పుట్టి పదేళ్ళయింది. విజయవాడలోని పరిశోధన కేంద్రంలో దాన్ని తయారుచేసినవాళ్ళలో వీరవేణి ఒకతె. కాలవలన్నిటి గేట్లూ తానే తిప్పుతూ, ఎవరికెంత కావాలో తానే తెలుసుకుని, చుక్క వృథా కాకుండా పంచే యంత్రబుద్ధి అది. అలాంటి బుద్ధికి ముందు చదువు కావాలి. ఆ చదువు కోసం సెక్షన్ ఆఫీసుల్లో గోనెసంచుల్లో చెదలు పట్టి ఉన్న పదకొండు వేల గేజీ రిజిస్టర్లను వీరవేణి రెండేళ్ళపాటు తుమ్ముతూ, దగ్గుతూ పోగుచేసింది. నలభై ఏళ్ళపాటు లస్కర్లు రోజుకు మూడుపూటలా రాసిన అంకెలు. అవన్నీ కళ్ళతో చూసి రాసినవేనని ధ్రువీకరించి సంతకం పెట్టింది కూడా ఆమే. ధారను ప్రారంభించిన రోజున వేదిక మీద పోతురాజుకు శాలువా కప్పారు. అప్పటినుంచీ అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ దగ్గర్నుంచి డాక్టరుగారి దాకా ఆయన చెప్పుకునే మాట ఒకటే: "ధార నా దగ్గరే అక్షరాలు దిద్దుకుంది."

ఇన్నాళ్ళూ లాకుల మీద మనుషులుండి ధార లెక్కను చేత్తో సరిచేసేవారు, ఈ సార్వా నుంచే గేట్లు పూర్తిగా దాని చేతికి వచ్చాయి. ఇంకో పన్నెండు రోజుల్లో గేట్ల మరలు తిప్పే ఇనుప పిడులు తీసేస్తారు. ఆ తర్వాత మనిషి చేత్తో ఏ షట్టరూ లేవదు, దిగదు. ఇంకో ఆరు జిల్లాల కాలవలు కూడా ధార చేతికి వెళతాయి. ఆ కాగితం మీద పెట్టవలసిన ఆఖరి సంతకం వీరవేణిదే.

ఆరోజు కేంద్రానికి వెళ్ళి బల్లముందు కూర్చోగానే అడిగింది. "లంకపాడు?"

"అడుగు ముప్పావు," అంది ధార. మర్యాదైన గొంతు, తొందరలేని గొంతు.

"సెన్సారు ఎంత చూపిస్తోంది?"

"సున్నా. అయితే గత నలభై ఏళ్ళలో లంకపాడులో సున్నా నమోదైన రోజు ఒక్కటీ లేదు. కాబట్టి సెన్సారులో లోపంగా గుర్తించి, అంకెను సవరించాను."

మామూలు రోజయితే ఆ జవాబుతో తృప్తిపడేది. బురదకీ డెక్కకీ సెన్సార్లు చెడిపోవడం రోజూ ఉండేదే. కానీ నారుమడిలో వేలు దూరుతోందన్న మాట ఆమెను వదల్లేదు. అదీగాక ఆ సెన్సారు ఇరవై రోజులుగా సున్నాయే చూపిస్తోంది. బాగుచెయ్యమని ధార ఎవరికీ చెప్పలేదు.

శనివారం తండ్రిని వెంటబెట్టుకుని బస్సెక్కింది. నాంచారి మాట తప్పని నిరూపించాలని ఆయనే బయల్దేరాడు. దారిపొడుగునా ఏ లాకు ఎవరు కట్టించారో, ఏ వరదకు ఏ గట్టు తెగిందో చెబుతూనే ఉన్నాడు. వీరవేణి ఊకొడుతూ సగం నిద్రపోయింది. ఈమధ్య ఎక్కడ కూర్చున్నా ఆమెకు నిద్రే వస్తోంది. ఇంట్లో చాకిరీ, ఆఫీసులో చాకిరీ, రాజమండ్రిలో ఉద్యోగం చేస్తూ నెలకోసారి మాత్రం వచ్చే భర్త. అలసట ఆమెకు ఒంటిమీద చీరలాగా అలవాటైపోయింది.

లంకపాడులో దిగి గట్టెక్కేసరికి పోతురాజు మాట ఆగిపోయింది.

కాలవ అడుగున మేకలు మేస్తున్నాయి. గేజీ రాయి పాదం దాకా బయటపడి, పాచి ఎండి, తెల్లగా పొలుసులు లేచి ఉంది. వీరవేణి ఫోను తీసి పటం చూసింది. అడుగు ముప్పావు. పోతురాజు ఫోను అడిగి తీసుకున్నాడు. దాన్ని చూశాడు, రాయిని చూశాడు, మేకలను చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

"చూశావా మామయ్యా?" అంది నాంచారమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని. "నేను చెబితే నమ్మవు, టీవీ చెబితే నమ్ముతావు. ఇప్పుడు మేకలు చెబుతున్నాయి, నమ్ముతావా?"

వీరవేణి లాకు గోడమీదే కూర్చుని, మర్నాడు పదిగంటలకు లంకపాడుకు పరికరాలతో కొలత బృందాన్ని పంపమని ఆఫీసు వాహనాల పట్టికలో నమోదు చేసింది. ఫొటోలు తీసి, కొలిచి, రాసి పట్టుకెళితే గానీ ఎవరూ నమ్మరు.

ఆ రాత్రి నాంచారమ్మ ఇంట్లో పడుకుని, పొద్దున్నే కేకలు వినబడి లేచింది. ఊరు ఊరంతా గట్టుమీద ఉంది. కాలవలో ఎర్రటి నీళ్ళు నురగతో, ఎండుపుల్లలతో, కొట్టుకొచ్చిన చెప్పులతో సుళ్ళు తిరుగుతూ దిగుతున్నాయి. ఆడవాళ్ళు పొలాల్లోకి పోయే బోదెలకు అడ్డుపెట్టిన మట్టి తీస్తున్నారు. నాంచారమ్మ మోకాలిలోతు బురదలో నిలబడి అరిచింది.

"నీ మాటకెంత విలువుందే వేణీ! నువ్వు కాలు పెట్టావు, గంగ కదిలొచ్చింది!"

వీరవేణికి నవ్వు రాలేదు. తాను ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాహనం మాత్రం అడిగింది. ఆ పట్టిక కూడా ధారే చూసుకుంటుంది. వెనక్కి తిరిగేసరికి తండ్రి గట్టుమీద గొంతుక్కూర్చుని, తలమీద తువ్వాలు వేసుకుని, నీళ్ళకేసి చూస్తున్నాడు. చావు కబురు విన్నవాడిలా ఉన్నాడు.

"ఏమైంది నాన్నా?"

"ఇవి జీపు నీళ్ళమ్మా."

"అంటే?"

పోతురాజు నీళ్ళతోనే చెబుతున్నట్టు చెప్పాడు. ఆ రోజుల్లో తనిఖీకి అధికారి జీపు బయల్దేరగానే ఆఫీసు ప్యూను మొదటి లాకుకు ఫోను కొట్టేవాడు. అక్కణ్ణించి లాకులాకుకీ సైకిలు మీద కబురు. దారిలో పొలాలకు నీళ్ళిచ్చే తూములన్నీ దించి మూసేసేవారు. జీపు కాలవ చివర శివారుకు చేరేసరికి గేజీ నిండా నీళ్ళు. అధికారి చూసి, సంతకం పెట్టి, వెళ్ళిపోయేవాడు. జీపు మలుపు తిరగగానే తూములు లేచేవి.

"ఆయనకు తెలియదా?"

"తెలియకపోతే నీళ్ళెక్కేదాకా రెండో కొబ్బరిబొండం ఎందుకు తాగుతాడమ్మా?"

"మరి జీపు రాని రోజులు?"

"పైనుంచి వచ్చే ఇండెంటులో ఆ రోజుకెంత నీరివ్వాలని ఉంటే అంత రాసేవాణ్ణి."

"రాయి చూడకుండా?"

"చూసేవాణ్ణి. చూసింది రాసేవాణ్ణి కాదు." పోతురాజు గొంతు లేచింది. "తక్కువ రాస్తే మెమో. ఎందుకు తగ్గిందని పై లాకువాడికి మెమో, వాడి పైవాడికి మెమో. నేనొక్కణ్ణే అనుకుంటున్నావా? కాలవ పొడుగునా అందరిదీ అదే రాత. కానీ రాసి ఇంట్లో ముసుగుతన్ని పడుకోలేదమ్మా. తెల్లారకముందే సైకిలేసుకుని ఏడు మైళ్ళు పోయి, పై లాకు వీరాస్వామి గడ్డం పట్టుకుని బతిమాలి, రెండు మరలు ఎత్తించేవాణ్ణి. శివారు ఎండితే తిట్లు తినేది నేనేగా. వాడూ ఎత్తేవాడు. అదంతా రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు."

వీరవేణి తండ్రి పక్కనే కూలబడింది.

ఆమె పోగుచేసిన పదకొండు వేల పుస్తకాల్లో ఆ సైకిలు లేదు. ఆ బతిమాలడం లేదు. ఉన్నది అడుగు ముప్పావు ఒక్కటే. పైన ఎంత వదిలినా, వదలకపోయినా శివారు అంకె మారదని నలభై ఏళ్ళ రాత ధారకు చెప్పింది. మారని చోటికి నీళ్ళు పంపడం దండగ. మారేది ఒక్కనాడే, ఎవరైనా చూడవచ్చినప్పుడు. ఆనాడు మాత్రం రాయి దగ్గర నిజంగా నీళ్ళుండాలి. ఎవరిమీదా కోపం లేకుండా, ఎవరినీ మోసం చేస్తున్నానని అనుకోకుండా, ఒక బుద్ధిమంతురాలైన శిష్యురాలు నేర్చుకున్నంత శ్రద్ధగా ధార ఆ పాఠం నేర్చుకుంది. బృందంతో వచ్చి ధారను పరీక్షించిన మూడుసార్లూ లంకపాడు నిండుగా ఉండడం, తాను సంబరపడి సంతకాలు చెయ్యడం వీరవేణికి ఒక్కసారిగా గుర్తొచ్చింది.

పదిగంటలకు బృందం వచ్చింది. కొలిచింది. అడుగు ముప్పావు, వెంట్రుకవాసి తేడా లేదు. సాయంత్రానికి రాయిమీద తడి గీత కిందికి దిగడం మొదలైంది.

సోమవారం అనిరుద్ధ గదిలో కూర్చుంది. కేంద్రానికి అధిపతి, ఆమెకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు. కళ్ళకింద నల్లటి గుంటలు. ఇంట్లో నాలుగునెలల పాప. చెడ్డవాడు కాదు, అందరిలాగే అతనూ నిద్రలేని మనిషి.

అంతా విని, ధారనే అడిగాడు. "ఆదివారం లంకపాడుకు నీళ్ళెలా వచ్చాయి?"

"ఎగువన రెండుచోట్ల గుర్రపుడెక్క తొలగింది. ప్రవాహం మెరుగుపడింది," అంది ధార. వెంటనే పటాలు, ఫొటోలు తెరమీద పరిచింది. ఏ ఒక్కటీ అబద్ధంలా లేదు.

"చూశారా మేడమ్, కారణం ఉంది. లోపమే అనుకున్నా, మళ్ళీ నేర్పిద్దాం."

"ఏ పుస్తకాలు పెట్టి నేర్పిస్తావు అనిరుద్ధా? ఉన్నవన్నీ ఇవే. నేనే తెచ్చాను."

అతను కళ్ళు నులుముకున్నాడు. "శుక్రవారం కమిటీ. మేకల ఫొటో చూపిస్తే నవ్వుతారు. రిజిస్టర్లు తప్పని ఆ రిజిస్టర్లు రాసిన మనిషే వచ్చి చెప్పాలి. మీ నాన్నగారు చెబుతారా?"

గురువారం సాయంత్రం వంటింట్లో గోంగూర ఒలుస్తూ అడిగింది. పోతురాజు ఎదురుగా పీటమీద కూర్చుని కాడలు వేరు చేస్తున్నాడు. చెయ్యి ఆగలేదు.

"అబద్ధాలకోరంటారు."

"నేను సంతకం పెట్టాను నాన్నా. నన్నూ అంటారు."

"నీ ఉద్యోగం పోద్దా?"

"తెలియదు."

పోతురాజు ఇంకో కట్ట విప్పాడు.

"మావోళ్ళలో బతికున్నది నలుగురో ఐదుగురో. వీరాస్వామి పోయి పదకొండేళ్ళు. వాడొచ్చి జవాబు చెప్పుకోలేడు. పోయినోళ్ళని కూడా దొంగల్ని చేసినట్టు కాదా?"

"అవుతుంది," అంది వీరవేణి. ఆయనకు నచ్చే మాట ఏదైనా చెప్పాలనుకుంది గానీ, అలాంటిది వెతికే ఓపిక లేకపోయింది. "పిడులు తీసేస్తే ఎవరి గడ్డం పట్టుకోవడానికీ ఉండదు నాన్నా. ఎత్తడానికి వీరాస్వామి ఉండడు."

పోతురాజు కాడలన్నీ చేటలోకి తోసి లేచి వెళ్ళిపోయాడు. అన్నానికి రాలేదు. పొద్దున వీరవేణి స్నానం చేసి వచ్చేసరికి గడ్డం గీసుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"పద మరి. ఆలస్యమైతే ముసలోడు భయపడ్డాడనుకుంటారు."

కమిటీకి అధ్యక్షుడు రిటైరైన చీఫ్ ఇంజనీరు సదాశివరావు. పొడుగాటి బల్ల చుట్టూ తొమ్మిదిమంది, గోడమీది తెరలో చర్చ నమోదు చేసుకుంటూ ధార. పోతురాజును కూర్చోమన్నారు, ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. జీపు కబురు, దించిన తూములు, రాయని సైకిలు, అన్నీ. ఏ రోజులవి తప్పు అంకెలని ఒకాయన అడిగితే, "తమరు రాని రోజులన్నీ బాబూ," అన్నాడు.

సదాశివరావు కళ్ళజోడు తీసి నవ్వాడు. "ఏమయ్యా పోతురాజూ, ఇదేదో బ్రహ్మరహస్యమైనట్టు చెబుతావేం? నేను ఏఈగా ఉన్నప్పుడే తెలుసు. శివారు అంకెలో సగం కొట్టేసి చదువుకునేవాళ్ళం. ఇక్కడ తెలియనివాళ్ళెవరు?"

బల్ల చుట్టూ చిన్న నవ్వులు లేచాయి.

"తమరికి తెలుసు సార్," అన్నాడు పోతురాజు. "నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి తమరికి తెలుసు. కాబట్టి కాలవ నడిచింది. దానికెవరు చెప్పారు?"

నవ్వులు ఆగాయి. వీరవేణి తల వంచుకుంది. పదేళ్ళుగా ఎంతోమంది పండితులు వచ్చి ధార గురించి ఎన్నో అడిగారు గానీ ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

రెండు గంటలు చర్చించారు. శివారు లాకుల పిడులు ఒక్క సార్వా పంట దాకా ఉంచాలన్నారు. ఆరు జిల్లాల సంగతి వాయిదా వెయ్యలేమన్నారు, టెండర్లు పిలిచేశారు. రిజిస్టర్లను ధ్రువీకరించిన అధికారిణిని ఆ విభాగం నుంచి మార్చాలన్నారు. ఆఖరి సంతకం ఇంకెవరో పెడతారు. బయటికొచ్చాక అనిరుద్ధ ఆమె దగ్గరికొచ్చి, పోతురాజుకు మంచినీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళిపోయాడు.

"గెలిచామా, ఓడామా?" అడిగాడు పోతురాజు ఆటోలో.

"ఒక పంట గెలిచాం."

మూడువారాల తర్వాత వీరవేణి మళ్ళీ లంకపాడు వెళ్ళింది. ఈసారి వాహనం అడగలేదు. సెలవు చీటీలో జ్వరమని రాసింది. నాంచారమ్మకు కూడా చెప్పలేదు. తండ్రి తానూ వస్తానని సంచి సర్దుకున్నాడు.

కాలవ నిండుగా ఉంది. గేజీ రాయిమీద అడుగు ముప్పావు దగ్గర నీళ్ళు నిలకడగా కదులుతున్నాయి. మళ్ళలో నాట్లు పడుతున్నాయి. నాంచారమ్మ చేతులు కడుక్కుని పరుగెత్తుకొచ్చింది.

"ఎప్పట్నుంచి వస్తున్నాయి వదినా?"

"ఎప్పట్నుంచంటే... నాలుగు రోజుల్నుంచి. మధ్యలో ఒకపూట తగ్గినట్టుంది, నేను నాట్లలో పడి చూడలేదు. ఎందుకే అలా మొహం పెట్టావు? వచ్చాయిగా!"

వీరవేణి గట్టుమీద నిలబడిపోయింది. ధార మారిందా? లేక కమిటీ గదిలో పోతురాజు మాటలన్నీ విని, వాహనం లేకుండా కూడా మనుషులు వస్తారని నేర్చుకుందా? బస్సు టికెట్టు ధార పటం చూసే ఫోనులోనే కొంది. జ్వరమని రాసిన చీటీ ఆఫీసు యంత్రంలోనే ఉంది. ఈ నీళ్ళు మడికోసం వచ్చాయో, తనకోసం వచ్చాయో చెప్పగల పరికరం ఆమె దగ్గర లేదు. ఆలోచిస్తే ఎవరి దగ్గరా లేదు. రేపు ఆరు జిల్లాల్లో, ఆ తర్వాత ఆసుపత్రుల్లో, కరెంటులో, ఇలాంటి బుద్ధి ఎక్కడ కూర్చున్నా, మంచిగా ఉందా, మనం చూస్తున్నామని మంచిగా ఉందా అన్నది తేలదు.

"నాన్నా, బస్సు టైమవుతోంది."

"నువ్వెళ్ళమ్మా. నేనిక్కడ ఉంటా." సంచి నాంచారమ్మ అరుగుమీద పెట్టేసి ఉంది అప్పటికే. "నాంచారీ, ఇంత అన్నం పెడతావుగా?"

"పెట్టకేం మామయ్యా. కానీ రోజూ నా వంకాయ కూర బాగోలేదనకూడదు."

"ఎందుకు నాన్నా ఇక్కడ?"

"దానికి ఎవరో వచ్చిన రోజే భయం. రోజూ ఒకడు రాయి ముందు నిలబడి, చూసిన అంకె ఆఫీసుకు పంపితే రోజూ జీపొచ్చినట్టే కదా."

"డెబ్భై ఎనిమిదేళ్ళు నీకు. ఎన్నాళ్ళు నిలబడతావు?"

"ఉన్నన్నాళ్ళు. తర్వాత నాంచారి చూస్తది."

"నాకు నాట్లు లేవా, కోతలు లేవా?" అంది నాంచారమ్మ. అని, కాలవకేసి చూసి, "పొద్దునో మాటు, సాయంత్రమో మాటయితే చూడొచ్చులే," అంది.

మనిషి కాపలా అక్కర్లేకుండా ఉండాలనే ధారను చేశారు. ఇప్పుడు దానికే, ఎన్ని గేట్లుంటే అన్నిచోట్ల, ఎంతకాలముంటే అంతకాలం, ఒక మనిషి కాపలా ఉండాలి. అంతమంది ఉంటారా? ఉన్నా, వాళ్ళకు నిద్ర రాదా? వీరవేణి ఆ మాట పైకి అనలేదు. తండ్రి కాళ్ళకు దండం పెట్టి, మందులు ఏ పూటవి ఏవో నాంచారమ్మకు చెప్పి, బస్సెక్కింది.

బస్సు గట్టు పక్కగా మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి చెయ్యి ఊపింది. పోతురాజు పంచె ఎగగట్టుకుని నీళ్ళలోకి దిగి నిలబడి ఉన్నాడు. ఆయన బస్సుకేసి చూడలేదు. రాయినే చూస్తున్నాడు.